ఓపెన్ సప్లై హబ్: గార్మెంట్ ఫ్యాక్టరీల కోసం వాడి చూశాక

మనం కొనే బట్టలు ఏ ఫ్యాక్టరీలో కుట్టారో తెలుసుకోవాలనుకునేవాళ్లు ఓపెన్ సప్లై హబ్ సైట్ ఒకసారి చూడండి, డబ్బులేమీ కట్టక్కర్లేదు. 2019లో ఓపెన్ అపారెల్ రిజిస్ట్రీ పేరుతో గార్మెంట్ ఫ్యాక్టరీల కోసమే మొదలైంది, ఇప్పుడు వేరే పరిశ్రమలూ కలిశాయి. మ్యాప్‌లో ఊరు వెతికి నొక్కితే ఫ్యాక్టరీ పేరు, అడ్రస్, ఆ వివరాలు ఏ బ్రాండ్ లేదా సంస్థ ఇచ్చిందో కనిపిస్తాయి.

ఇందులో ఎవరు ఇచ్చారన్నదే నాకు అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే అక్కడ ఏ బ్రాండ్‌కి కుడుతున్నారో దాన్నిబట్టే తెలుస్తుంది. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర సవార్‌లో రానా ప్లాజా అనే గార్మెంట్ ఫ్యాక్టరీల భవనం కూలి 1,134 మంది చనిపోయినప్పుడు, అక్కడ ఏ బ్రాండ్లకు కుడుతున్నారో తేల్చడానికి శిథిలాల్లో లేబుళ్లు వెతకాల్సి వచ్చింది. ముందురోజే గోడలు పగుళ్లిచ్చాయి, కింద బ్యాంకు వాళ్లు సిబ్బందిని పంపేశారు, కుట్టుపని చేసేవాళ్లను మాత్రం జీతం ఆపేస్తామని బెదిరించి మర్నాడు లోపలికి పంపారు. అందులోని ఫ్యాక్టరీలకు అంతకుముందు ఆడిట్లు, అంటే బయటివాళ్లు వచ్చి చేసే తనిఖీలు కూడా జరిగాయి. లోపలికి వెళ్లం అని చెప్పే ధైర్యం వాళ్లకు ఆ ఆడిట్ ఇవ్వలేదు కదా!

సైట్‌లో లోటు కూడా అదే, పనిచేసేవాళ్లకు ధైర్యమిచ్చే వివరాలు లేకపోవడం. నేను చూసిన పేజీల్లో జీతమెంతో, యూనియన్ ఉందో లేదో, సూపర్‌వైజర్ వేధిస్తే ఎవరికి చెప్పుకోవాలో ఎక్కడా లేదు. తమిళనాడు దిండిగల్ దగ్గర నాచి అపారెల్‌లో పనిచేసే ఒక దళిత అమ్మాయిని 2021లో సూపర్‌వైజరే చంపేశాక, టీటీసీయూ అనే మహిళల యూనియన్ పోరాడి 2022 ఏప్రిల్‌లో యాజమాన్యంతోనూ హెచ్‌అండ్‌ఎం లాంటి బ్రాండ్లతోనూ ఒప్పందం చేయించింది. కుట్టే చోట వేధింపులు జరుగుతున్నాయేమో గమనించే బాధ్యత అక్కడ పనిచేసే ఆడవాళ్లకే ఇచ్చారు. మొదటి ఏడాది 185 ఫిర్యాదులొస్తే 182 పరిష్కారమయ్యాయి. ఇలాంటి సమాచారం ఫ్యాక్టరీ పేరు పక్కనే ఉండాలి.

మన అచ్యుతాపురం బ్రాండిక్స్ గార్మెంట్ ఫ్యాక్టరీల్లో పనిచేసే అక్కాచెల్లెళ్లకు, వాళ్లతో తిరిగే యూనియన్ వాళ్లకు ఇది ఇప్పుడే పనికొస్తుంది, ఎందుకంటే యాజమాన్యం వినకపోతే ఏ బ్రాండ్‌కి ఉత్తరం రాయాలో తెలియాలి. ఒకే ఫ్యాక్టరీ పేరు రెండు మూడు స్పెల్లింగ్‌లతో ఉంటుంది కాబట్టి పేరుతో దొరక్కపోతే ఊరి పేరుతో వెతకండి. నా రేటింగ్ 5కి 3, జీతాల వివరాలు పెట్టిన రోజు 5 ఇస్తాను.