బల్లార్షాలో టీఎస్ నంబరు కారు కొనేవారికి హెచ్చరిక: కెమెరా చలాన్లు చూడకుండా డబ్బు ఇవ్వకండి

సిరొంచ, అహేరి, ఆలాపల్లి వైపు నుంచి పాత కార్ల కోసం బల్లార్షా వెళ్లేవారికి ఆ రేకుల షెడ్డు దుకాణం ఏదో నేను చెప్పనక్కరలేదు. హైదరాబాదులో తిరిగిన టీఎస్ నంబరు కారు ఒకటి నచ్చి, మన తెలుగువాడే కదా అన్న ధీమాతో పూర్తి డబ్బు ఒకేసారి చెల్లించాను. చలాన్ల సంగతి అడిగితే దుకాణం యజమాని తన ఫోన్లో కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ పేజీ తెరిచి, “చూడన్నా, ఒక్కటి గూడ లేదు” అని చూపించాడు. ఆ పేజీలో నిజంగానే ఏమీ లేదు. తెలంగాణ పోలీసుల చలాన్లకు వేరే సైటు ఉందన్న విషయం, హైదరాబాదు బండ్లు తెచ్చి అమ్ముకునే ఆ మహానుభావుడికి తెలియదట!

ప్రాణహిత వంతెన దాటి మంచిర్యాల వెళ్లినప్పుడు ట్రాఫిక్ పోలీసు తన చేతి యంత్రంలో నంబరు కొట్టగానే చిట్టా బయటపడింది. ఎక్కువ భాగం అతివేగానివే. ఒక్కొక్కటి 1,035 రూపాయలు, అంటే జరిమానా 1,000, యూజర్ చార్జీలు 35. గంటకు 120 కిలోమీటర్ల వరకు అనుమతించే ఔటర్ రింగు రోడ్డు మీద కూడా దొరికిపోయిన వీరులు ఈ బండిని నడిపారన్నమాట. కెమెరా నంబరు ప్లేటును చదువుతుంది, ఆ నంబరు ఎవరి పేరు మీద ఉంటే వారి ఫోనుకు సందేశం వెళుతుంది. ఆర్సీ మారనంత కాలం అది పాత యజమానికే చేరుతుంది తప్ప, డబ్బు పోసి కొన్న మనకు చేరదు.

అసలు మోసం ఆ చలాన్లతో వచ్చిన కెమెరా ఫొటోలలో ఒకదానిలో ఉంది. పాత యజమానికి ఫోన్ చేస్తే, కారును దుకాణానికి అప్పగించినప్పుడు రాసుకున్న రసీదు పంపించాడు. ఆ తేదీ తరువాత కెమెరా తీసిన ఫొటోలో వెనుక అద్దం మీద ఇదే దుకాణం స్టిక్కరు అక్షరం అక్షరం చదవగలిగేంత స్పష్టంగా ఉంది. బండిని తీసుకువస్తూ వీళ్ల మనిషే అతివేగంగా నడిపి, ఆ జరిమానాను కూడా నాకే అంటగట్టారు. ఫొటోను దుకాణం యజమాని ముందు పెడితే, కొనడానికి వచ్చిన మరో నలుగురి ఎదుట నవ్వి, “ఫొటోల ఉన్నది నీ బండే గదా, నువ్వే కట్టుకో. సర్కారు డిస్కౌంటు ఇస్తది, అప్పటిదాక ఆగు” అన్నాడు. అంతవరకు నోరారా పిలిచిన “అన్నా” ఆ పూట ఎక్కడికి పోయిందో!

రాయితీ 2022 మార్చిలో ఒకసారి, 2023 డిసెంబరులో మరోసారి ఇచ్చిన మాట నిజమే. మళ్లీ ఎప్పుడిస్తారని కూర్చోవాలి? బండిని మహారాష్ట్రకు మార్చుకోవడానికి కావలసిన ఎన్‌ఓసీకి (నిరభ్యంతర పత్రానికి) వెళితే ముందు చలాన్లు తీర్చమన్నారు. అది లేనిదే గడ్చిరోలి ఆర్టీఓలో ఎంహెచ్ 33 నంబరు రాదు. అందుకని పళ్లు కొరుక్కుంటూ మొత్తం కట్టేశాను. కెమెరాల మీద నాకు కోపం లేదు. ఈ బేరం మొత్తంలో అబద్ధమాడనిది అదొక్కటే.

2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల వ్యాపారి ఆర్టీఓ అనుమతి పత్రం తీసుకోవాలి, తన వద్దనున్న బండిని ఎవరు ఎందుకు బయటికి తీసుకువెళ్లారో నమోదు చేయాలి. ఆ పత్రం చూపమంటే ఆయన గోడ మీది దేవుడి పటాల వైపు చూశాడు. దుకాణం చంద్రపూర్ జిల్లాలో ఉన్నా, 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు కాబట్టి గడ్చిరోలిలో వేస్తున్నాను.

ఆ షెడ్డులో టీఎస్ బండ్లు ఇంకా వరుసగా నిలబెట్టి ఉన్నాయి. అడ్వాన్సు ఇవ్వబోయేవారు ఆర్సీ చేతిలోకి తీసుకుని, పరివాహన్‌తో పాటు తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ పేజీని కూడా మీ ఫోన్లోనే చూడండి. ఎన్‌ఓసీ వచ్చేదాకా కొంత డబ్బు ఆపి ఉంచండి.