సేలెం మంత్రగత్తెల టూర్: గైడ్ ఓకే, దెయ్యాలే ఎక్కువయ్యాయి

బోస్టన్ వచ్చిన చుట్టాలందరూ సేలెం (తమిళనాడుది కాదు, బోస్టన్ దగ్గర ఉన్న ఊరు) చూపించమంటారు కదా, ఈసారి సాయంత్రం పూట నడిపించి చూపించే టూర్ ఒకటి బుక్ చేశాం. కంపెనీ పేరు రాయను. నా రేటింగ్ 5కి 3.

గైడ్ కుర్రాడు నల్లకోటు, లాంతరు వేషంలో వచ్చినా విషయం ఉన్నవాడే. 1692లో మంత్రాలు చేస్తున్నారని జనాన్ని పట్టుకుని విచారించినప్పుడు ఇక్కడ ఎవర్నీ తగలబెట్టలేదు, 19 మందిని ఉరి తీశారని మొదట్లోనే తేల్చేశాడు. ఎనభై ఏళ్ల గైల్స్ కోరీ విచారణకి ఒప్పుకోకుండా నోరు కట్టేసుకుంటే మీద బండలు పేర్చి చంపారు. ఫలానా ఆవిడ రూపం వచ్చి నన్ను గిచ్చిందని ఎవరైనా అంటే కోర్టుకి అదే సాక్ష్యం, ఆ టైములో నేను ఇంట్లోనే ఉన్నానని ఆవిడ మొత్తుకున్నా లాభం లేదు, ఎందుకంటే వచ్చింది మనిషి కాదు, రూపం! నాలుగేళ్ల పిల్ల డొరొతీ గుడ్‌ని కూడా జైల్లో పెట్టారు. "మన దగ్గర బాణామతి చేశారని పట్టుకుని పళ్లు పీకేసేవాళ్లు, ఇదీ అదే" అన్నారు మా అత్తయ్య. గైడ్‌కి ఇంగ్లీషులో చెప్తే కాసేపు నోట మాట రాలేదు.

సగం అయ్యాక మొదలైంది గోల. ఈ కిటికీలో ఆత్మ, ఆ ఫోటోలో తెల్లచుక్క, అన్నీ సోదే. 'విచ్ హౌస్' ముందు ఫోటోలు దిగమన్నాడు గానీ, అందులో ఉన్నది మంత్రగత్తె కాదు, వాళ్లని విచారించిన జడ్జి జోనథన్ కార్విన్ అని చెప్పనే లేదు. చార్టర్ స్ట్రీట్ శ్మశానం పక్కన 1992లో కట్టిన స్మారకాన్ని బయట నుంచే చూపించి లాక్కెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది అక్కడే. మర్నాడు పొద్దున మేమే వెళ్లి చూశాం: గోడలోంచి ముందుకొచ్చిన 20 రాతి బెంచీలు, ఒక్కోదాని మీద పేరు, ఎలా చంపారు, ఏ తేదీన. గుమ్మం దగ్గర కాళ్ల కింది రాళ్ల మీద, మాకే పాపం తెలీదని వాళ్లు మొరపెట్టుకున్న మాటలు చెక్కి ఉంటాయి, వాటిలో కొన్ని వాక్యాలు గోడ కిందకి పోయి మధ్యలోనే తెగిపోతాయి. కావాలనే అలా చెక్కారు.

ఉరి తీసిన చోటు ప్రాక్టర్స్ లెడ్జ్ ఈ టూర్లో లేదు. అది వాల్‌గ్రీన్స్ షాపు వెనకాల ఉంది, 2017లో అక్కడా చిన్న స్మారకం కట్టారు, టికెట్ లేదు.

చిన్నపిల్లలతో వద్దు. అక్టోబర్లో అయితే పార్కింగ్ దొరకదు, బోస్టన్‌లోని నార్త్ స్టేషన్ నుంచి రైలెక్కండి, అరగంట.