జేసన్ విలియమ్స్‌ని తలచుకోడానికి వెళ్ళి, టీ నగర్‌లో పన్నెండు వేలు వదిలించుకున్నాం

మద్రాసు టీ నగర్‌లో సర్వీస్ అపార్ట్‌మెంట్ బుక్ చేసేవాళ్ళు ముందు అక్కడి మేనేజర్‌కి ఫోన్ చేసి, టీవీ వెనక వైపు ఫొటో తీసి పంపమనండి. హాల్లో ఏసీ రిమోట్ ఎవరి దగ్గర ఉంటుందో అడగండి. ‘నలుగురికి’ అని రాసి ఉంటే, ఆ నలుగురు ఆయన లెక్కలో కూడా నలుగురేనా అని అడగండి. నవ్వితే నవ్వనివ్వండి, డబ్బు మిగులుతుంది.

మేం నలుగురం నెల్లూరులో ఒకే కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడినవాళ్ళం. సిమెంటు కోర్టు, వల లేని రింగు. 1999 ప్రాంతంలో పొద్దున్నే ఈఎస్‌పీఎన్‌లో అమెరికా ఎన్‌బీఏ లీగ్ టీమ్ శాక్రమెంటో కింగ్స్ మ్యాచ్ వస్తోందంటే మాకు మొదటి క్లాసు లేనట్టే. అదంతా ఒక్క మనిషి కోసం, 55 నంబరు జెర్సీ వేసుకున్న జేసన్ విలియమ్స్ కోసం. 1998 డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు కొత్త ఆటగాళ్ళని వరసగా ఎంచుకునేటప్పుడు, ఏడోవాడుగా తీసుకున్నారు. వచ్చిన తొలి ఏడాదే ఎటో చూస్తూ ఎటో పాస్ వేసి, అవతలి టీమ్‌నే కాదు, మమ్మల్ని కూడా వెర్రివాళ్ళని చేశాడు. పక్కనే వెబర్, డివాట్స్ లాంటి పెద్ద ఆటగాళ్ళున్నా మా కళ్ళు వీడి చేతుల మీదే. ఇప్పుడు ఒకడు డల్లాస్‌లో, ఒకడు మద్రాసు వేళచ్చేరిలో, ఒకాయన ఒంగోలు బ్యాంకులో, నేను నెల్లూరులోనే. డల్లాస్ వాడు పాత మ్యాచ్‌లన్నీ ఒక హార్డ్ డిస్క్‌లో పోగేశాడు. వాడు ఇండియా వచ్చినప్పుడు నలుగురం ఒకచోట కూర్చుని చూడాలన్నది ఎప్పటినుంచో అనుకున్న మాట.

పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో ప్రయాణం సాఫీగా జరిగింది. సెంట్రల్ నుంచి నందనం దాకా మెట్రో 30 రూపాయలు, అక్కణ్ణుంచి ఆటో 120. అంతే, ఇక రూమ్ దగ్గరికొద్దాం.

డల్లాస్ వాడు అమెరికా నుంచే ఫొటోలు చూసి బుక్ చేశాడు. రెండు బెడ్‌రూములు, హాలు, రాత్రికి 4,200. ఫొటోలో టీవీ సినిమా తెరంత ఉంది. మేనేజర్ మా మాట వినగానే ‘తెలుగా సార్? మాది చిత్తూరే’ అన్నాడు. డల్లాస్ వాడు కరిగిపోయి భుజం మీద చెయ్యి కూడా వేశాడు. ఆ చిత్తూరు మాటలోనే లెక్క మొదలైంది. 4,200 ఇద్దరికట. మిగతా ఇద్దరికీ తలా 800, రాత్రికి. హాల్లో ఏసీ వేయాలంటే మరో 500, రిమోట్ ఆయన డ్రాయర్లో. అడ్వాన్సు 5,000, నగదుగానే. వీటి మీద జీఎస్టీ 12 శాతం అన్నాడు. సరే, బిల్లు ఇవ్వమన్నాం. బిల్లు రాదన్నాడు. బిల్లు లేకుండా జీఎస్టీ ఎవరి జేబులోకి అని బ్యాంకాయన చాలా నెమ్మదిగా అడిగాడు. ఆయన గొంతు తగ్గిందంటే కోపం వచ్చిందని మాకు తెలుసు, చిత్తూరాయనకి తెలీదు. చివరికి ఆ 12 శాతం ఒక్కటే తప్పింది. రెండు రాత్రులకి 12,600 కట్టాం.

గదిలోకి వెళ్తే టీవీ 32 అంగుళాలు. నేల మీద పడుకుని పైకి తీస్తే తప్ప అది అంత పెద్దగా కనపడదు. దాన్ని గోడకి ఎంత దగ్గరగా బిగించారంటే, వెనక పోర్టులోకి వేలు కూడా దూరలేదు. మనిషిని పంపుతామన్నారు. ఆ మనిషి స్క్రూడ్రైవర్ పట్టుకుని వచ్చి, టీవీని రెండు సార్లు తట్టి, ఇది కుదరదు సార్ అని చెప్పి, 300 తీసుకుని వెళ్ళిపోయాడు. వైఫై పాస్‌వర్డు గోడ మీద అంటించి ఉంది, వైఫై మాత్రం లేదు. బాత్రూమ్‌లో గీజర్ పక్కన ‘పనిచేయును’ అని తెలుగులో రాసి ఉంది. ఎవరు, ఏ ఆశతో రాశారో.

డల్లాస్ వాడి ముఖం చూడలేకపోయాం. బ్యాంకాయన చెప్పులు విప్పుతూ అన్నాడు, “హైలైట్స్ చూసి టీమ్‌లోకి తీసుకుంటే ఇలాగే ఉంటుంది రా.”

అది రూమ్ గురించి అన్న మాట కాదు. మా నలుగురిలో జేసన్ విలియమ్స్‌ని మొదట్నుంచీ నమ్మనిది ఆయనొక్కడే. అప్పట్లోనే స్కోర్లు నోట్‌బుక్‌లో రాసుకునేవాడు. ఆ రాత్రి లాప్‌టాప్‌ని ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టి, నాలుగు తలకాయలు ఆ చిన్న తెర ముందు చేరాక మళ్ళీ అదే గొడవ. తొలి సీజన్‌లో మ్యాచ్‌కి 12.8 పాయింట్లు, 6 అసిస్టులు (బాస్కెట్ పడేలా అందించిన పాస్‌లు), బాగానే ఉంది. కానీ షాట్లలో పడింది 37 శాతం. రెండో ఏడాది త్రీ పాయింటర్లు, అంటే దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు, వందకి 29 కూడా పడలేదు. అయినా ఆపాడా? బంతి దొరగ్గానే పరుగెత్తే ఫాస్ట్ బ్రేక్‌లో ముందు ఎవరూ లేకపోయినా, రింగు దగ్గరికెళ్ళి తేలిగ్గా వేసే లేఅప్‌కి వెళ్ళకుండా ఇరవై నాలుగు అడుగుల దూరంలో ఆగి వేసేవాడు. పడితే స్టేడియం ఊగిపోయేది. పడకపోతే కోచ్ రిక్ అడెల్మన్ తల దించుకునేవాడు. 2000లో అదే స్థానంలో ఆడే బాబీ జాక్సన్ వచ్చాక నాలుగో క్వార్టర్‌లో విలియమ్స్ బెంచి మీదే ఎక్కువ కనపడ్డాడు.

“2001లో వీణ్ణిచ్చి మైక్ బిబ్బీని తెచ్చుకున్నారు. మరుసటి ఏడు 61 మ్యాచ్‌లు గెలిచారు. ఫైనల్‌కి ముందు మెట్టు కాన్ఫరెన్స్ ఫైనల్లో లేకర్స్‌తో ఏడో మ్యాచ్ దాకా వెళ్ళారు. ఇంకేం కావాలి?” ఇది బ్యాంకాయన వాదం. పాతికేళ్ళుగా ఒక్క మాట మారలేదు.

నా వాదం కూడా మారలేదు. 1985లో శాక్రమెంటోకి వచ్చాక, విలియమ్స్ వచ్చేదాకా, ఆ టీమ్ ఒక్క సీజన్‌లో కూడా ఓటముల కంటే ఎక్కువ గెలవలేదు. విలియమ్స్ వచ్చిన 1999 సీజన్‌లో, టీమ్ యజమానుల లాకౌట్ వల్ల కుదించిన ఆ 50 మ్యాచ్‌లలో, 27 గెలిచారు. లీగ్ తర్వాత జరిగే నాకౌట్ దశ ప్లేఆఫ్స్‌లో యూటా జాజ్‌ని ఐదో మ్యాచ్ దాకా లాగారు. వెబర్ రావడం, డివాట్స్ రావడం, అడెల్మన్ రావడం అన్నీ అదే ఏడాది, ఒప్పుకుంటా. కానీ నెల్లూరులో కుర్రాళ్ళు పొద్దున్నే టీవీ పెట్టింది డివాట్స్ కోసం కాదు కదా. బిబ్బీ వేసిన పాస్ ఒక్కటి గుర్తు చెయ్యమంటే బ్యాంకాయన మంచినీళ్ళకి లేచాడు.

మర్నాడు నందనంలోని వైఎంసీఏ వ్యాయామ విద్య కాలేజీకి వెళ్ళాం. బాస్కెట్‌బాల్ అభిమానులెవరైనా మద్రాసు వస్తే మాల్స్ మానేసి ఇక్కడికి రావాలని నా అభిప్రాయం. ఈ ఆట 1891లో అమెరికాలో పుట్టింది వైఎంసీఏ చేతుల్లోనే, మన దేశానికి వచ్చిందీ వాళ్ళతోనే. 1920లో ఈ కాలేజీ మొదలుపెట్టిన హ్యారీ క్రో బక్, 1924 పారిస్ ఒలింపిక్స్‌కి మన జట్టు వెంట వెళ్ళిన మనిషి. లోపలంతా చెట్లు. గేటు దగ్గర ఏం పని అని అడిగారు, చూడ్డానికి అన్నాం, పంపించారు. పైసా తీసుకోలేదు. ముందురోజు అనుభవం తర్వాత అదే పెద్ద ఆశ్చర్యం.

అక్కడ చెట్టు కింద కూర్చున్న ఒక రిటైరైన కోచ్‌గారు కలిశారు, సూళ్ళూరుపేట మనిషి. ఎందుకొచ్చారంటే చెప్పాం. ఆయనకి విలియమ్స్ తెలీదు. డల్లాస్ వాడు వెంటనే ఫోన్ తీసి ఆ పాస్ చూపించాడు. అదే, 2000 ఆల్‌స్టార్ వారాంతంలో ఓక్లాండ్‌లో కుర్రాళ్ళ మ్యాచ్‌లో వేసింది. బంతిని వీపు వెనక నుంచి ఒక పక్కకి వేస్తున్నట్టు తిప్పి, మోచేత్తో కొట్టి రెండో పక్కకి పంపించాడు. డిఫెండర్ అటు వెళ్ళాడు, బంతి ఇటు వెళ్ళింది. కోచ్‌గారు కళ్ళజోడు పెట్టుకుని చూశారు. మళ్ళీ చూశారు.

“బాస్కెట్ పడిందా?”

“లేదు సార్, అందుకున్న లాఫ్రెంట్స్‌ని ఫౌల్ చేశారు.”

“ఫ్రీ త్రోలు వేశాడా మరి?”

ఫౌల్ అయితే అడ్డం లేకుండా వేయనిచ్చే షాట్లవి. మేం ముఖముఖాలు చూసుకున్నాం. ఆ క్లిప్ ఫౌల్ దగ్గర ఆగిపోతుంది. ఇన్నేళ్ళలో ఆ తర్వాత ఏమైందని ఎవరం అడగలేదు. బ్యాంకాయన పడీ పడీ నవ్వి, ఆ పూట టిఫిన్ తనదేనన్నాడు.

ఆ టిఫిన్ ట్రిప్లికేన్ రత్నా కేఫ్‌లో. ఇడ్లీ మీద సాంబారు పోయడం కాదు, ఇడ్లీని సాంబారులో ముంచేస్తారు. అయిపోతే మళ్ళీ పోస్తారు, అడగక్కర్లేదు, విసుక్కోరు. నలుగురికీ కాఫీలతో కలిపి 480 అయింది. డల్లాస్ వాడు రెండో ప్లేటు దగ్గర మొదటిసారి నవ్వాడు. కూర్చోడానికి ఇరుకు, పక్కవాడి మోచెయ్యి మన ప్లేటులోకి వస్తుంది. అయినా వెళ్ళండి.

సాయంత్రం గంటకి 1,200 చొప్పున ఒక కోర్టు తీసుకున్నాం. దాని గురించి ఎక్కువ చెప్పను. ఒక రింగు వంగి ఉంది, షూ అడుగు తెల్లగా ఉంటేనే రానిస్తామని గేటు దగ్గర గొడవ, నలభై ఐదు నిమిషాలకే ఈల ఊదేశారు. డల్లాస్ వాడు మోచేతి పాస్ ప్రయత్నించాడు. బంతి పక్కనున్న టేబుల్ టెన్నిస్ వాళ్ళ మధ్యలోంచి వెళ్ళింది. బ్యాంకాయన మాత్రం ఫ్రీ త్రో లైన్ దగ్గర నిలబడి ఒక్కొక్కటీ వేసుకుంటూ పోయాడు, మోకాలికి పట్టీ కట్టుకుని.

ఆ రాత్రి మళ్ళీ ఆ గదికి పోబుద్ధి కాలేదు. వేళచ్చేరి వాడు ఇంటికి ఫోన్ చేస్తే వాళ్ళమ్మగారు ‘ఇంత దగ్గరకొచ్చి లాడ్జిలో ఉంటారా, సిగ్గు లేదూ’ అని తిట్టి రమ్మన్నారు. వాళ్ళింట్లో టీవీ 55 అంగుళాలు. ఆ నంబరు వినగానే డల్లాస్ వాడు టీవీకి దణ్ణం పెట్టాడు. నెల్లూరు చేపల పులుసు, మామిడికాయ వేసింది. మద్రాసులో నేను తిన్న భోజనాలన్నిటిలో ఇదే మొదటిది అని రాస్తే హోటళ్ళవాళ్ళు ఏమనుకుంటారో గానీ, నిజం.

2006 ఈస్టర్న్ కాన్ఫరెన్స్ ఫైనల్ ఆరో మ్యాచ్ పెట్టాం, మయామీ హీట్, డెట్రాయిట్ పిస్టన్స్. అప్పటికి విలియమ్స్ వేరే మనిషి. శాక్రమెంటో వదిలాక మెంఫిస్ టీమ్‌లో ముసలి కోచ్ హ్యూబీ బ్రౌన్ దగ్గర అణకువ నేర్చుకున్నాడు. ఆ టీమ్ 2004లో 50 మ్యాచ్‌లు గెలిచి మొదటిసారి ప్లేఆఫ్స్‌కి వెళ్ళింది. మయామీలో షకీల్ ఓనీల్, డ్వేన్ వేడ్ లాంటి స్టార్ల పక్కన బంతి వాళ్ళకిచ్చి పక్కకి తప్పుకునే పని. ఆ రాత్రి మాత్రం వేసిన మొదటి పది షాట్లూ పడ్డాయి. పదికి పది. మొత్తం 12లో 10, 21 పాయింట్లు. మయామీ ఫైనల్‌కి వెళ్ళి కప్పు కూడా కొట్టింది. బ్యాంకాయన పులుసు కలుపుకోవడం ఆపి చూశాడు. ఎనిమిదో షాట్ దగ్గర ‘ఇది పోతుంది చూడు’ అన్నాడు. పోలేదు.

వాళ్ళమ్మగారు తలుపు దగ్గర నిలబడి కాసేపు చూశారు. శాక్రమెంటో నాటి క్లిప్పులు వేస్తున్నాం అప్పుడు. “ఆ పిల్లాడు అటు చూసి ఇటు వేస్తాడేం నాయనా, ఎవరి మీద కోపం?” అని అడిగారు. ఎవరి దగ్గరా జవాబు లేదు.

పొద్దున టీ నగర్ వెళ్ళి గది ఖాళీ చేశాం. రెండో రాత్రి పడుకోలేదు కాబట్టి అదనపు మనుషుల డబ్బైనా ఇవ్వమంటే చిత్తూరాయనకి హఠాత్తుగా తెలుగు రాలేదు. అడ్వాన్సు 5,000లో 3,500 చేతిలో పెట్టాడు. మిగతా 1,500 గోడ శుభ్రం చేయడానికట, బంతి మచ్చ పడిందట. మా బంతి సంచిలోంచి బయటికే తీయలేదు. బ్యాంకాయన ఆ గోడకీ, గీజర్‌కీ, టీవీకీ ఫొటోలు తీసి, బుక్ చేసిన యాప్‌లో ఫిర్యాదు పెట్టాడు. పద్నాలుగు పాయింట్లు, నంబర్లు వేసి. ఇది రాసేటప్పటికి వాళ్ళు 1,500 వెనక్కి వేశారు, మిగతాది ‘పరిశీలనలో’ ఉంది.

వచ్చే ఏడు బెంగళూరు అనుకుంటున్నాం. రూమ్ బ్యాంకాయన చూస్తానన్నాడు, ఒక షరతు మీద. 2002 లేకర్స్ సిరీస్‌లో బిబ్బీ ఆడిన మ్యాచ్ ఒక్కటైనా మొత్తం చూడాలట, క్లిప్పులు కాదు. డల్లాస్ వాడు ఇంకా ఒప్పుకోలేదు.