సంసద్ టీవీ, సంసద్ వెబ్‌సైట్: ఏ సభది పైచేయో ఇవి చూపిస్తాయా?

2021 సెప్టెంబరు 15న లోక్‌సభ టీవీ, రాజ్యసభ టీవీ కలిసి సంసద్ టీవీ అయ్యాయి. సమావేశాల రోజుల్లో ఒక చానల్లో లోక్‌సభ, ఇంకో చానల్లో రాజ్యసభ ప్రత్యక్షంగా వస్తాయి. యూట్యూబ్‌లోనూ ఉంటాయి. లోక్‌సభలో ప్రశ్నోత్తరాలు ఉదయం 11కు, రాజ్యసభలో మధ్యాహ్నం 12కు మొదలవుతాయి కాబట్టి సభ సజావుగా సాగిన రోజు ఒకదాని తర్వాత ఒకటి చూడొచ్చు. యాంకర్ల వ్యాఖ్యానం అడ్డురాకుండా సభను సభలాగే చూపించడం ఈ ప్రసారంలో అన్నిటికన్నా మెచ్చుకోవాల్సిన విషయం.

చిక్కల్లా ఒక్కటే. తెరమీద రెండు సభలూ ఒకే తూకంలో కనిపిస్తాయి. అసలు తేడా కాగితాల్లో ఉంటుంది. అందుకే సంసద్ (పార్లమెంటు) వెబ్‌సైట్‌లో ఆ రోజు కార్యక్రమాల జాబితా, బిల్లు ప్రతి పక్కన పెట్టుకోకుండా ప్రసారం ఒక్కటే చూస్తే సగమే అర్థమవుతుంది.

ముందు చూడాల్సింది ఆ బిల్లు ద్రవ్య బిల్లా (పన్నులు, ప్రభుత్వ ఖర్చుల వంటి డబ్బు విషయాలకే పరిమితమైనదా), కాదా అన్నది. లోక్‌సభ నుంచి బిల్లు వచ్చినప్పుడు సెక్రటరీ జనరల్ రాజ్యసభలో ఒక సందేశం చదువుతారు. అరనిమిషం కూడా పట్టదు, చాలామంది పట్టించుకోరు. ద్రవ్య బిల్లని స్పీకర్ ధ్రువీకరించారన్న మాట అందులో ఉంటే రాజ్యసభ చేతులు దాదాపు కట్టేసినట్టే. 14 రోజుల్లో తిరిగి పంపాలి. సవరణలు సూచించవచ్చు గానీ వాటిని తీసుకోవడం, తోసేయడం లోక్‌సభ ఇష్టం. గడువు దాటితే రెండు సభలూ ఆమోదించినట్టే లెక్క. 2016 మార్చి 16న ఆధార్ బిల్లుకు రాజ్యసభ అయిదు సవరణలు చేసి పంపింది. అదే రోజు లోక్‌సభ అయిదింటినీ తోసిపుచ్చింది. రాజ్యసభలో గంటల తరబడి సాగిన చర్చ మాత్రమే చూసినవాళ్లకు ఫలితం ముందే తేలిపోయిందని తట్టదు. ఇలాంటి బిల్లు చర్చకు వచ్చినప్పుడు ఆ సంగతి తెరకింద ఒక పట్టీలో వేస్తే ప్రేక్షకుడికి ఎంతో మేలు.

రాజ్యాంగ సవరణ బిల్లయితే కథ పూర్తిగా మారుతుంది. ప్రతి సభా విడివిడిగా, మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటేసినవారిలో మూడింట రెండొంతుల మందితో ఆమోదించాలి. ఇక్కడ రాజ్యసభ కాదంటే బిల్లు అక్కడితో సరి, రెండు సభలూ కలిసి కూర్చుని ఓటేసే సంయుక్త సమావేశం దారి లేదు. 1970 సెప్టెంబరులో రాజభరణాల (మాజీ సంస్థానాధీశులకు ప్రభుత్వం ఇచ్చే భత్యాల) రద్దు బిల్లు లోక్‌సభ దాటి రాజ్యసభలో పడిపోయింది. అనుకూలం 149, వ్యతిరేకం 75. మొత్తం 224లో మూడింట రెండొంతులంటే 149.33, కనుక 150 కావాలి. ఒక్క ఓటు తక్కువైంది. ఇలాంటి ఓటింగు వచ్చినప్పుడు తెరమీద అంకెల్లో అనుకూల ఓట్లు ఒక్కటే చూస్తే చాలదు, ఓటేసినవారి మొత్తంతో లెక్క కట్టుకోవాలి.

మామూలు బిల్లుల్లో రెండు సభలూ సమానమే అంటారు. కానీ రాజ్యసభ తిరస్కరించినా, ఆరు నెలలు దాటినా తేల్చకపోయినా రాష్ట్రపతి సంయుక్త సమావేశం పిలవవచ్చు. 543 స్థానాల సభ, 245 స్థానాల సభ కలిసి కూర్చుని ఓటేస్తే మొగ్గు ఎటో చెప్పక్కర్లేదు. ఇది జరిగింది మూడుసార్లే: 1961, 1978, 2002. చివరిసారి పోటా (ఉగ్రవాద నిరోధక) బిల్లు 425-296తో గట్టెక్కింది. అవిశ్వాస తీర్మానం లోక్‌సభ సొత్తు. రాష్ట్రాల జాబితాలోని అంశంపై చట్టం చేసేందుకు పార్లమెంటుకు దారి తెరిచే తీర్మానం, ఐఏఎస్ లాంటి కొత్త అఖిల భారత సర్వీసుకు నాంది పలికే తీర్మానం రాజ్యసభలోనే నెగ్గాలి.

ఇక ఈ సేవలో మనవాళ్లు మరచిపోలేని లోపం పాత లోక్‌సభ టీవీ నాటిది. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు గట్టెక్కుతున్నప్పుడు ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. 20న రాజ్యసభలో ప్రధాని మన్మోహన్ సింగ్ అయిదేళ్ల ప్రత్యేక హోదా ప్రకటించారు. అది మాటగానే ఉండిపోయింది, చట్టంలో లేదు. ఎందుకంటే రాజ్యసభ ఒక్క అక్షరం సవరించినా బిల్లు మళ్లీ లోక్‌సభకు వెళ్లాలి, ఆ లోక్‌సభకు మిగిలింది మర్నాడు ఒక్కరోజే. మంత్రి హామీకీ ఆమోదం పొందిన సవరణకూ ఉన్న ఈ తేడా ప్రసారంలో ఎంత శ్రద్ధగా చూసినా దొరకదు. బిల్లు పేజీలో ‘ప్రవేశపెట్టిన’ ప్రతి, ‘రెండు సభలూ ఆమోదించిన’ ప్రతి రెండూ దించుకుని సెక్షన్ల వారీగా పోల్చాలి. బిల్లు పాఠాలు ఇంగ్లీషు, హిందీల్లో ఉంటాయి. తెలుగు పాఠకుడికి ఇదే పెద్ద అడ్డంకి.

మీ ఎంపీ ఎటు ఓటేశారో తెలుసుకోవాలంటే మాత్రం ప్రసారం, వెబ్‌సైట్ రెండూ తరచూ చేతులెత్తేస్తాయి. ఎక్కువ బిల్లులు మూజువాణి ఓటుతో (సభ్యులు నోటితో అవును, కాదు అనడంతో) అయిపోతాయి, అందులో పేర్లు నమోదు కావు. ఎవరైనా డివిజన్ (ఎవరు ఎటు ఓటేశారో నమోదయ్యే లెక్కింపు) అడిగి, అది జరిగితేనే చర్చల పూర్తి పాఠంలో అనుకూల, వ్యతిరేక జాబితాలు వస్తాయి. ప్రసారంలో ‘డివిజన్’ అన్న మాట వినపడిన తేదీ, బిల్లు పేరు రాసిపెట్టుకోండి. తర్వాత ఆ తేదీ చర్చల్లో వెతికితే జాబితా దొరుకుతుంది.