మూడంతస్తుల మట్టి కంపోస్టు కుండీలు: పటమట బాల్కనీలో పద్నాలుగు నెలలు

విజయవాడ పటమటలో మూడో అంతస్తులో ఉన్న మా ఫ్లాట్‌కు 2024 ఫిబ్రవరిలో ఒక ఆన్‌లైన్ దుకాణం నుంచి వంటింటి తడి చెత్తను ఎరువుగా మార్చే మూడంతస్తుల మట్టి కంపోస్టు కుండీలు తెప్పించుకున్నాం. పద్నాలుగు నెలలు ఒక్క రోజు కూడా మానకుండా వాడిన తరువాత రాస్తున్న సమీక్ష ఇది. కొన్న వారానికే రాసి ఉంటే ఐదు నక్షత్రాలూ ఇచ్చేదాన్ని, సెప్టెంబరులో రాసి ఉంటే ఒక్కటి ఇవ్వడానికి కూడా చేయి వచ్చేది కాదు. ఇప్పుడు నాలుగు ఇస్తున్నాను. తగ్గించిన ఒక్క నక్షత్రంలో సగం అడుగున పళ్లెం ఇవ్వనందుకు, మిగిలిన సగం చెత్త మీద చల్లమని కుండీలతోపాటు అంటగట్టిన పొడి ప్యాకెట్లకు.

ఒకదానిపై ఒకటి కూర్చునేలా చేసిన మూడు మట్టి కుండీలు, పైన ఒక మూత. ఒక్కో కుండీ సుమారు ముప్ఫై లీటర్లు పడుతుంది. పై రెండింటికీ మట్టి అడుగు ఉండదు, దాని బదులు కొబ్బరి తాడుతో అల్లిన వల ఉంటుంది. అన్నిటికన్నా కింది కుండీకి మాత్రం మట్టి అడుగు ఉంటుంది. పక్కల వేలు దూరేంత రంధ్రాలు ఉంటాయి. చెత్త రోజూ పై కుండీలో వేస్తాం, అది నిండగానే మధ్యకు దింపి, ఖాళీ అయిన కుండీని పైకి ఎక్కిస్తాం. ఇలా వంతులవారీగా మూడూ తిరిగేసరికి అడుగున ఎరువు తయారై ఉంటుంది. ఇలాంటి కుండీలకు మన దేశంలో పేరు తెచ్చింది 2006లో బెంగళూరులో మొదలైన డైలీ డంప్ సంస్థ. నేను కొన్నవి వారివి కావు, ఆ పద్ధతిలోనే వేరొకరు చేసి అమ్ముతున్నవి. ధర రవాణాతో కలిపి మూడు వేలకు కాస్త తక్కువ పడింది. వచ్చిన పెట్టె విప్పి చూస్తే మధ్య కుండీ అంచు నుంచి జానెడు మేర పగిలి ఉంది. ఫొటోలు పంపితే మాట్లాడకుండా కొత్తది పంపారు గాని అది చేరడానికి పదకొండు రోజులు పట్టింది. మట్టి సామాను అంత దూరం నుంచి తెప్పించుకునేవారు ఈ ఆలస్యాన్ని ముందే లెక్కలో వేసుకోవాలి.

కుండీలు చూసి మా అత్తయ్యగారు అన్న మాట ఇక్కడ రాయక తప్పదు. ఆవిడ పుట్టి పెరిగింది తెనాలి దగ్గర పల్లెలో. "ఏమ్మాయ్, పెంటదిబ్బక్కూడా మూడు వేలు పోశారా?" అన్నారు. నిజానికి ఆ మాటలోనే ఈ వస్తువు గుట్టంతా ఉంది. పెరడు ఉన్న ఇంటికి ఇది అక్కర్లేదు, మూలన ఒక గొయ్యి తవ్వుకుంటే చాలు. పెరడు లేక, ఎనిమిదడుగుల బాల్కనీ మాత్రమే ఉన్న మాబోటి వాళ్లు కొంటున్నది ఆ పెంటదిబ్బను నిలువుగా పేర్చే ఏర్పాటునే.

2021 అక్టోబరు 2న బెంజి సర్కిల్ దగ్గర మొదలుపెట్టిన క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం కింద ఆకుపచ్చ, నీలం, ఎరుపు బుట్టలు ఇంటింటికీ ఇచ్చిన సంగతి మన ఊరివాళ్లకు గుర్తుండే ఉంటుంది. తడి చెత్త, పొడి చెత్త, ప్రమాదకరమైన చెత్త వేరుచేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు కూడా చెప్పాయి. మా ఇంట్లో మాత్రం చాలాకాలం ఆకుపచ్చ బుట్టలో ఉల్లిపాయలు, నీలం బుట్టలో చాకలికి వేయాల్సిన బట్టలు ఉండేవి. కుండీలు వచ్చాకే చెత్త వేరుచేయడం నిజంగా మొదలైంది, ఎందుకంటే ఒక్క పాల ప్యాకెట్ మూల కత్తిరించి పారేసిన ముక్క పొరపాటున కుండీలో పడినా మూడు నెలల తరువాత చెక్కుచెదరకుండా మన చేతికే వస్తుంది. అనుకోని లాభం ఇంకొకటి: తడి చెత్త తగలని కాగితాలు, అట్టపెట్టెలు, డబ్బాలు శుభ్రంగా ఉండటంతో పాత సామాన్లు కొనే అతను ఇప్పుడు పేచీ పెట్టకుండా తీసుకుంటున్నాడు. చెత్తబుట్టలో వేసే నల్ల ప్లాస్టిక్ సంచులు కొనడం కూడా మానేశాం.

నలుగురున్న మా ఇంట్లో తడి చెత్త రోజుకు ఆరేడు వందల గ్రాములు వస్తుంది. గోంగూర కాడలు, బీరకాయ చెక్కు, అరటి తొక్కలు, వాడేసిన టీ పొడి, దేవుడి దగ్గర వాడిన పూలు, ఇవన్నీ ఇబ్బంది లేకుండా మాగుతాయి. నూనె తేలే కూరలు, ఎముకలు, మిగిలిన పెరుగన్నం వేయకూడదు. చింతపండు పిప్పి, నిమ్మ తొక్కలు కొద్దిగా అయితే ఫరవాలేదు. ఏ సూచనల కాగితంలోనూ లేనిది, కృష్ణా గుంటూరు ఇళ్లలో తప్పక ఎదురయ్యేది ఒకటుంది. మే నెలలో ఆవకాయ ముక్కలు కొట్టించి, ఇంటిల్లిపాదీ కూర్చుని జీడి తీసి, పొర ఒలిచి, ముక్కలు తుడిచాక పళ్లేనికి పళ్లెం జీళ్లు మిగులుతాయి. వాటిని ఒక్కసారే కుండీలో కుమ్మరించాను. పొరలు రెండు వారాల్లో కరిగిపోయాయి గాని జీళ్లు ఆగస్టు దాకా గోధుమరంగు గవ్వల్లా అలాగే ఉన్నాయి. రసాలు తిని వేసిన టెంకల సంగతి మరీ విచిత్రం. జూన్‌లో మధ్య కుండీ దింపబోతే పక్క రంధ్రంలో నుంచి, వెలుతురు లేక పాలిపోయిన మామిడి మొలక ఒకటి తల బయటికి పెట్టి చూస్తోంది. అప్పటి నుంచి టెంకలు ఎండబెట్టి విడిగా ఇచ్చేస్తున్నాం.

ఇక పొడి ప్యాకెట్ల గొడవ. కుండీలతోపాటు ఐదు కిలోల మిశ్రమం ఇచ్చి, అది అయిపోగానే మళ్లీ తమ దగ్గరే కొనాలని, లేకపోతే ఎరువు సరిగా రాదని అమ్మినవారు నెలనెలా సందేశాలు పంపుతూనే ఉన్నారు. ఆ పొడిలో ప్రధానంగా ఉన్నది కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), కాస్త వేప పిండి. వంటింటి చెత్తలో నీరు, నత్రజని ఎక్కువ, కర్బనం తక్కువ. సూక్ష్మజీవులు చురుగ్గా పనిచేయాలంటే నత్రజని ఒక పాలుంటే కర్బనం పాతిక నుంచి ముప్ఫై పాళ్ల దాకా ఉండాలి. అందుకోసమే చెత్త వేసిన ప్రతిసారీ పైన ఎండు పదార్థం కప్పాలి. అది ప్యాకెట్‌లో వచ్చిందా, వీధిలో రాలిందా అన్నది సూక్ష్మజీవులకు పట్టదు. రెండో నెల నుంచి మా వీధిలోని కానుగ, బాదం చెట్ల ఎండుటాకులనే వాడుతున్నాను. వాచ్‌మన్ వాటిని ఊడ్చి గేటు పక్కన తగలబెట్టేవాడు, ఇప్పుడు గోనెసంచికి ఎత్తి మా గుమ్మం ముందు పెడుతున్నాడు. బాదం ఆకు దళసరిగా ఉంటుంది కనుక చేత్తో నలిపి వేయాలి, లేకపోతే పొరలు పొరలుగా అతుక్కుని గాలి ఆడనివ్వదు. ఆకులు దొరకని నెలల్లో నర్సరీలో ఐదు కిలోల కోకోపీట్ బ్లాక్ తెచ్చుకున్నాను. అది నానితే దాదాపు డెబ్భై లీటర్లు అవుతుంది, ఆరబెట్టి వాడుకుంటే నెలల తరబడి వస్తుంది. తోడు వేయడానికి పులిసిన మజ్జిగలో చిన్న బెల్లంముక్క కరిగించి చిలకరిస్తే చాలు.

తడి ఎంత ఉండాలన్నది చేతికి తెలియాల్సిన విషయం. గుప్పెడు తీసి గట్టిగా పిండితే వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు నిలవాలి. ధారగా కారితే నీరు ఎక్కువైనట్టు, పిడికిలి విప్పగానే పొడిపొడిగా రాలిపోతే తక్కువైనట్టు. మట్టి కుండీకి ప్లాస్టిక్ డ్రమ్ముకు లేని సుగుణం ఒకటుంది, గోడల్లోంచి చెమ్మ తనంతట తాను ఆరిపోతుంది. అదే గుణం మన వేసవిలో దోషమవుతుంది. మా బాల్కనీ పడమటి ముఖం. రోహిణి కార్తెలో లోపలి సరుకు ఎండి వరుగుల్లా తయారై, పదిహేను రోజులు ఏ మార్పూ లేకుండా ఉండిపోయింది. రోజూ సాయంత్రం బియ్యం కడిగిన నీళ్లు చల్లి, కుండీల చుట్టూ తడి గోనెపట్టా చుట్టాక మళ్లీ కదలిక వచ్చింది.

వానాకాలం ఇంకా కష్టం. 2024 ఆగస్టు చివర కురిసిన కుండపోతకు బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగి, జనం మేడల మీద రోజులు గడిపిన వేళ, బాల్కనీలో కుండీలు తడిశాయని చెప్పుకోవడానికే సిగ్గేస్తుంది. అయినా సమీక్ష కాబట్టి రాస్తున్నాను. జల్లు కొట్టి పై కుండీ నీళ్లతో బరువెక్కింది, రెండు రోజుల్లో కుళ్లిన కోడిగుడ్డు వాసన మొదలైంది. గాలి ఆడక కుళ్లుతోందనడానికి అది గుర్తు. అడుగు కుండీ అంచు పగుళ్లలోంచి కారిన నల్లటి నీరు కింది అంతస్తు వాళ్ల ఆరేసిన దుప్పటి మీద పడింది. ఆ దుప్పటి నేనే ఉతికించి ఇచ్చాను. నలభై రూపాయల పళ్లెం ఒకటి జతచేసి ఉంటే ఈ మాట పడాల్సిన అవసరం వచ్చేది కాదు. ఆ వారమే మూత తీస్తే లోపల చెత్త మొత్తం పురుగులతో లుకలుకలాడుతోంది. అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లపురుగులు. చూడటానికి ఒళ్లు జలదరిస్తుంది గాని అవి మనల్ని కుట్టవు, చెత్తను మాత్రం మనకన్నా శ్రద్ధగా తింటాయి. ఈ సంగతి తెలియక నేను మొదటి విడత పురుగులతో సహా సగం కుండీ పారబోశాను. తరువాత నేర్చుకున్న వైద్యం తేలికే: సరుకంతా కర్రతో కిందా మీదా కలిపి, రెండు దోసిళ్లు ఎక్కువ ఎండుటాకులు వేసి, రెండు రోజులు కొత్త చెత్త వేయకుండా ఆగితే వాసన పోతుంది.

మొదటి ఎరువు చేతికి రావడానికి మూడున్నర నెలలు పట్టింది. రెండు నెలల్లోనే వస్తుందని పెట్టె మీద రాసిన మాటను నమ్మవద్దు. ఇసుక జల్లెడలో జల్లిస్తే ఐదున్నర కిలోలు తూగింది. వాన పడ్డ మట్టి వాసన తప్ప మరే వాసనా లేదు. ఒక పాలు ఎరువుకు మూడు పాళ్ల మట్టి కలిపి తులసికి, కరివేపాకుకు, నాలుగు మిరప మొక్కలకు వేశాను. రెండేళ్లుగా ముడుచుకుని ఉన్న కరివేపాకు ఆ వానలకు చేయెత్తు పెరిగింది, వాన వాటా ఎంతో ఎరువు వాటా ఎంతో మాత్రం విడదీసి చెప్పలేను. జల్లెడలో మిగిలిన గట్టి ముక్కలు మళ్లీ పై కుండీలోకి వెళ్తాయి, వాటిలో ఎలాగూ సూక్ష్మజీవులు ఉంటాయి కనుక వేరే తోడు అక్కర్లేదు.

రోజుకు ఐదు నిమిషాలు, నెలకొకసారి కుండీ దింపడానికి రెండు జతల చేతులు కావాలి. నిండిన కుండీ ఒక్కరు ఎత్తగలిగే బరువు కాదు, వల పాతబడితే ఎత్తేటప్పుడు తెగుతుంది కూడా. మాది పదో నెలలో తెగితే నైలాన్ తాడుతో మళ్లీ అల్లుకున్నాం. నెలలో సగం రోజులు ఊళ్లు తిరిగేవారికి, నడుం నొప్పి ఉన్న ఒంటరి పెద్దవారికి నేను ఇది కొనమని చెప్పను. మిగిలినవారు కుండీలు మాత్రమే కొని, ఆర్డరు పెట్టేటప్పుడు పొడి ప్యాకెట్ల పక్కన ఉన్న టిక్కు తీసేయవచ్చు.

మా పక్క ఫ్లాట్ పిన్నిగారు అంత డబ్బు కూడా దండగని, కుమ్మరి దగ్గర మూడు పెద్ద కుండీలు చెప్పి చేయించుకుంటున్నారు. పక్కల రంధ్రాలు పచ్చిమట్టి మీదే పెట్టించుకోమని, కాల్చాక డ్రిల్లు పెడితే పగులుతుందని, అడుగున పళ్లెం మాత్రం మరవద్దని చెప్పాను. వాళ్ల బాల్కనీ కింద కూడా దుప్పట్లు ఆరేస్తారు.