గజాల ఊళ్ళు, ఎకరాల ఊళ్ళు: ఇల్లు మార్చాలని విశాఖ చుట్టూ తిరిగితే

మాది మధురవాడలో అద్దె ఫ్లాటు. నాలుగేళ్ళ పాప, ఇంకా పాకుతున్న బాబు. మా ఆయన వారానికి రెండు రోజులు ఆఫీసుకు వెళ్తే చాలు, మిగతాది ఇంటి నుంచే. అద్దె ఏటా పెరుగుతుంటే, అదే డబ్బుతో ఊరి బయట ఓ పెంకుటిల్లు, పక్కన కాస్త నేల, రెండు గేదెలు కుదరవా అన్న ఆలోచన వచ్చింది. సంక్రాంతి వెళ్ళినప్పటి నుంచి సెలవు దొరికితే చాలు, పిల్లల్ని కారులో వేసుకుని తిరుగుతున్నాం. మా అమ్మ వాళ్ళ ఊరు శ్రీకాకుళం జిల్లాలో ఉంది, అక్కడైతే ఇల్లు ఊరికే వస్తుంది. కానీ అక్కడి నుంచి ఆఫీసు అందదు.

షరతులు మూడే పెట్టుకున్నాం. గంటన్నరలో నగరంలో ఉండాలి. అర్ధరాత్రి బాబుకి జ్వరం వస్తే అరగంటలో డాక్టరు దొరకాలి. ఎండాకాలంలో కూడా నూతిలో నీళ్ళుండాలి. కొండ కనిపించాలి, మబ్బులు దిగాలి అనేవి షరతుల్లో లేవు, ఉంటే సంతోషం.

ముందు భీమిలి వైపు వెళ్ళాం, దగ్గర కదా అని. అక్కడ ఒక సంగతి అర్థమైంది, తరువాత ప్రతి ఊళ్ళోనూ అదే పనికొచ్చింది. నేల ధర అడిగితే భీమిలిలో గజాల్లో చెబుతారు. సబ్బవరంలో సెంట్లలో చెబుతారు. దేవరాపల్లి దాటాక ఎకరాల్లో చెబుతారు. ఎకరం అంటే నూరు సెంట్లు, 4840 గజాలు. గజాల్లో చెప్పారంటే ఆ నేల మీద ఇక పంట లెక్క ఎవరూ వెయ్యడం లేదని అర్థం. ఆ ధరకి కొని వంగ, బెండ వేసి వడ్డీ కట్టడం ఎవరి వల్లా కాదు. భీమిలి 2013 నుంచి విశాఖ మహానగరపాలక సంస్థలో కలిసిపోయింది, ఒకవైపు బీచ్ రోడ్డు, ఇంకోవైపు భోగాపురం విమానాశ్రయం. ధరలు ఎందుకు అలా ఉన్నాయో వేరే చెప్పక్కర్లేదు. పైగా సముద్రానికి దగ్గర పడేకొద్దీ బోరు నీళ్ళు ఉప్పదేలే భయం. పిల్లలు బీచిలో ఆడుకున్నారు, మేం బజ్జీలు తిన్నాం, తిరిగి వచ్చేశాం.

అటువైపే ఒక 'ఫార్మ్ స్టే'లో ఒక రాత్రి ఉన్నాం. పేరు చెప్పను. ఫోటోల్లో ఆవు ఉంది, అక్కడ లేదు. అడిగితే 'శని ఆదివారాలు తెస్తామండి' అన్నారు. ఈత కొలను మాత్రం బ్రహ్మాండం. కూరగాయలు రైతుబజారు నుంచే వస్తున్నాయని వంటాయన చెప్పాడు, పాపం నిజాయితీపరుడు. పల్లెలో బతకడం ఎలా ఉంటుందో రుచి చూడటానికి మాత్రం ఇలాంటి చోట్ల ఉండొద్దు. ఊళ్ళో ఎవరింట్లోనైనా ఒక గది అడిగి ఉండండి, తెల్లారి నీళ్ళు ఎవరు ఎక్కడ పడుతున్నారో చూస్తే సగం తెలిసిపోతుంది.

ఆనందపురం నాకు నచ్చింది. పూల మార్కెట్టు ఉంది, చుట్టుపక్కల కూరగాయల సాగు ఇంకా బతికే ఉంది. కానీ అనకాపల్లి నుంచి ఆనందపురం దాకా ఆరు వరుసల రోడ్డు పడ్డాక ఆ రోడ్డుకి ఇరువైపులా రాళ్ళు పాతిన లేఅవుట్లే. గంభీరంలో ఐఐఎం ఉంది. సబ్బవరంలో న్యాయ విశ్వవిద్యాలయం ఉంది, రాయపూర్ నుంచి వచ్చే కొత్త హైవే కూడా అక్కడికే చేరుతుంది. చదువులకీ ఉద్యోగాలకీ మంచిదే. సేద్యానికి మాత్రం ఈ ఊళ్ళు ఇక పదేళ్ళు కూడా నిలవవని నా అనుమానం. మేం గేదెల్ని కట్టేసిన చోటుకి ఎదురుగా రేపు అపార్ట్‌మెంటు లేస్తే, వాసన వస్తోందని ఫిర్యాదు మన మీదే పడుతుంది.

ఇక అరకు. ఈ విషయం ఎత్తగానే బంధువులందరూ ఒకటే మాట: 'అరకులో కొనుక్కోండే, హాయిగా ఉంటుంది.' హాయిగానే ఉంటుంది, కాదనను. కిరండూల్ రైలెక్కి వెళ్ళాం. యాభైకి పైగా సొరంగాలు, ప్రతి దాంట్లోనూ మా పాప అరుపులు. దిగేటప్పుడు టైడాలో పర్యాటక శాఖ వారి జంగిల్ బెల్స్ చెక్క కుటీరాల్లో ఆగాం. పిల్లలతో వెళ్ళేవాళ్ళకి అరకు ఊళ్ళో హోటళ్ళకంటే నేను టైడానే చెబుతాను. సందడి తక్కువ, చెట్టు నీడ ఎక్కువ. సదుపాయాలు సాదాసీదాగా ఉంటాయి, దోమలకి మీ ఏర్పాటు మీరు చేసుకోవాలి.

కానీ కాపురానికి అరకు కుదరదు. అది ఏజెన్సీ, అంటే షెడ్యూల్డ్ ప్రాంతం. 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులు అక్కడ భూమి కొనకూడదు. గిరిజనుడి దగ్గరే కాదు, ఇంకో గిరిజనేతరుడి దగ్గర కొన్నా చెల్లదు. కౌలు కూడా బదిలీ కిందకే వస్తుంది. అయినా 'బినామీ పేరు మీద పెడదాం సార్, మేం చూసుకుంటాం' అనేవాళ్ళు తగులుతూనే ఉంటారు. ఆ చట్టం గిరిజనుల నేల వాళ్ళకి మిగలాలని వచ్చింది. దాని చుట్టూ దారి వెతుక్కుంటూ పిల్లల్ని పెంచాలని మాకు లేదు. దానికితోడు మన్యంలో మలేరియా బెడద, రోడ్డు లేని కొండ ఊళ్ళలో గర్భిణుల్ని ఇప్పటికీ డోలీలో మోసుకురావడం. అరకు కాఫీ మాత్రం తెచ్చుకున్నాం.

అనకాపల్లి గురించి ఇంట్లో గొడవే అయింది. మా ఆయన అటే మొగ్గు. ఆయన వాదనలో బలముంది: 2022 ఏప్రిల్ 4 నుంచి జిల్లా కేంద్రం, రైళ్ళు బోలెడు, ఎన్టీఆర్ ఆసుపత్రి ఊళ్ళోనే, అద్దెలు మధురవాడ కంటే బాగా తక్కువ. 1913 నుంచి నడుస్తున్న వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది, చెరకు మీద అనుమానం వస్తే నేరుగా వెళ్ళి అడగొచ్చు. బెల్లం మార్కెట్టు చూడటానికి పొద్దున్నే వెళ్ళాలి. దిమ్మలు వరసలు పేర్చి, రంగు చూసి, గిల్లి, రుచి చూసి పాట పాడుతుంటే పాప నోరు తెరుచుకుని చూసింది. ఒక వ్యాపారి దాని చేతిలో చిన్న ముక్క పెట్టాడు, అంతే, అక్కడి నుంచి కదలనంది.

అయితే బెల్లం ఎంత తియ్యగా ఉన్నా చెరకు రైతు బతుకు అలా లేదు. తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ చక్కెర ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. గోవాడ కూడా కష్టాల్లోనే ఉంది. కాబట్టి కొత్తగా వెళ్ళేవాళ్ళు చెరకు తోటని నమ్ముకుని లెక్కలు వెయ్యకూడదు. ఇంకొకటి, అనకాపల్లికి దక్షిణంగా పరవాడ, అచ్యుతాపురం వైపు అసలు చూడలేదు. మందుల ఫ్యాక్టరీలు, బొగ్గు విద్యుత్తు. పాకే పిల్లాడితో అక్కడి గాలి, అక్కడి బోరు నీళ్ళ మీద ప్రయోగం నాకొద్దు.

ఎక్కువ రోజులు తిరిగింది కె.కోటపాడు, దేవరాపల్లి, చోడవరం మధ్యనే. ఇది శారదా నది పరీవాహకం. పైన రైవాడ జలాశయం, కింద పల్లం పొలాలు, పక్కనే ఎర్ర గరువులు, అంటే మెట్ట నేలలు, ఆ పైన కొండవాలు మీద జీడితోటలు. వరి, చెరకు, కూరగాయలు, మామిడి, సరుగుడు అన్నీ కనిపిస్తాయి. ఊళ్ళలో పాల కేంద్రాలున్నాయి, పొద్దున్నా సాయంత్రం పాలు పోస్తే వెన్న శాతం చూసి డబ్బు లెక్క కడతారు. రెండు గేదెల కలకి ఇంతకంటే ఏం కావాలి?

దేవరాపల్లి దగ్గర తెలిసినవాళ్ళ చుట్టాలింట్లో దిగాం. అద్దె పుచ్చుకోలేదు, వెళ్ళేటప్పుడు పిల్లల చేతిలోనే తిరిగి డబ్బులు పెట్టారు. పొద్దున్నే చోడంబలి, అదే రాగి అంబలి, నంజుకోవడానికి ఉల్లిపాయ. ఆ ఇంటి పెద్దాయనకి మా ప్లాను చెబితే నవ్వారు.

'నీల్లు సూడ్డానికి ఇప్పుడొచ్చారేటమ్మా? ఇప్పుడు ఏ నుయ్యి సూసినా నిండుగానే ఉంటాది. రోహిణి కార్తెలో రండి. అప్పుడు తెలుస్తాది ఎవుల నుయ్యి ఏటో.'

'రైవాడ నీళ్ళు రావా బాబయ్యా?' అన్నాను.

'వస్తాయి. ముందు మీ వైజాగోలు తాగాల కదా!'

ఆ దెప్పుడు నాకు బాగానే తగిలింది. రైవాడ నీళ్ళు నగరానికి వెళ్తాయి. అవి పూర్తిగా పొలాలకే ఇవ్వాలని ఇక్కడి రైతులు ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. మధురవాడ కుళాయి కింద ఇన్నాళ్ళూ చెయ్యి కడుక్కున్నవాళ్ళం, ఇప్పుడు కాలువ చివర నిలబడి ఆ నీళ్ళ కోసం చూడాలి. అందుకే కాలువ మీద ఆధారపడే పల్లం కంటే, నుయ్యి ఉన్న గరువే మాకు మేలనిపించింది. కూరగాయలకి, పశువుల మేతకి అది చాలు.

ఇక్కడి ఇబ్బందులూ తక్కువేం కాదు. కోతులు. వేరుశెనగ వేసి కోతుల వల్లే మానుకున్నామని అన్నవాళ్ళు ఊరూరా ఉన్నారు, కొండ దగ్గరైతే అడవిపందులు కూడా. చోడవరం దాటాక నర్సీపట్నం వైపు బి.ఎన్. (భీమిలి-నర్సీపట్నం) రోడ్డు గుంతలు చూశాక, మాడుగుల మీద ఉన్న ఆశ వదిలేశాం. హల్వా కోసం వెళ్తాం, కాపురానికి కాదు. ఇంగ్లీషు మీడియం బడి అంటే బస్సులో చోడవరం పంపాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేను అడిగిన మొదటి ప్రశ్న: పాము కాటు ఇంజెక్షను ఉందా, రాత్రి వేసేవాళ్ళు ఉంటారా? ఉందన్నారు, రాత్రి సంగతి మాత్రం నీళ్ళు నమిలారు. పల్లెకి మారాలనుకునేవాళ్ళు ఈ ప్రశ్న తప్పకుండా అడగండి, రోడ్డు, ధర తరువాత అడగొచ్చు.

కాగితాల విషయం కాస్త వివరంగా చెప్పాలి. సర్వే నంబరు దొరగ్గానే ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు మీభూమిలో అడంగల్, 1బి చూశాం, అంటే సాగు ఎవరిదో, హక్కు ఎవరిదో. రిజిస్ట్రేషను చెయ్యకూడని భూముల 22ఎ నిషేధిత జాబితాలో ఉందేమో చూశాం, పాత అమ్మకాలు, తాకట్లు తెలిపే ఈసీ తీయించాం. చవగ్గా చెప్పిన నేలల్లో ఎక్కువ డి-పట్టాలే, అంటే ప్రభుత్వం పేదలకి ఇచ్చిన అసైన్డ్ భూములు. ఇరవై ఏళ్ళు దాటిన డి-పట్టాలకి పూర్తి హక్కులిస్తూ 2023లో సవరణ వచ్చింది. తరువాతి ఏడాదే వాటి మీద విచారణలు మొదలై రిజిస్ట్రేషన్లు ఆగాయి. కాబట్టి 'ఫ్రీహోల్డ్ అయిపోయిందమ్మా' అనే మాటని నమ్మి అడ్వాన్సు ఇవ్వకండి. జిరాయితీ, అంటే సొంత పట్టా నేల అయితేనే మాట్లాడండి. కొండవాలు జీడితోటల జోలికి అసలు పోవద్దు. చాలాచోట్ల తోట పెంచింది గిరిజనులు, కాగితం ఇంకెవరి పేరునో ఉంటుంది. అది కొన్నామంటే ఒక కుటుంబం కడుపు కొట్టినట్టే. నగరానికి దగ్గరగా వేపగుంట, అడవివరం వైపు చూసేవాళ్ళకి సింహాచలం పంచగ్రామాల వివాదం, అదే నేల దేవస్థానానిదా అక్కడివాళ్ళదా అన్న గొడవ, సంగతి తెలిసే ఉంటుంది.

శృంగవరపుకోట రెండో స్థానంలో నిలిచింది. విజయనగరం జిల్లా, కిరండూల్ లైను మీద స్టేషను, తాటిపూడి జలాశయం దగ్గర, మామిడి తోటలు నిండుగా. ఊరు శుభ్రంగా ఉంది, వైద్యం కూడా ఊళ్ళోనే దొరుకుతుంది. పుణ్యగిరి దారిలో చెట్ల కింద పిల్లలు నిద్రపోయారు, అంత చల్లగా ఉంది. కానీ కొత్తవలస, పెందుర్తి మీదుగా పొద్దుటి ట్రాఫిక్‌లో గంటన్నర షరతు నిలబడలేదు. వారానికి ఒక్కరోజే ఆఫీసుకి వెళ్ళేవాళ్ళయితే నేను దాన్నే ముందు పెట్టేదాన్ని.

చివరికి తేలిందేమిటంటే, ఇప్పుడే కొనడం లేదు. కె.కోటపాడు దగ్గర పెంకుటిల్లు అద్దెకి మాట్లాడాం. మధురవాడ అద్దెలో మూడో వంతు. వెనక అరెకరం గరువు కౌలుకి ఇస్తామన్నారు, 2019 నాటి సాగుదారుల చట్టం ప్రకారం 11 నెలల ఒప్పందం రాసుకుందామంటే ఆ రైతు ముందు జంకాడు, భూమి పోతుందేమోనని. కౌలు పత్రంతో యాజమాన్య హక్కు రాదని సచివాలయంలో చెప్పించాక ఒప్పుకున్నాడు. అత్తగారు గేదె ఒకటి చాలు, రెండొద్దంటున్నారు, పాలు తీసేది ఆవిడే కాబట్టి ఆవిడ మాటే చెల్లుతుంది. పెద్దాయన చెప్పినట్టు రోహిణి కార్తెలో వెళ్ళి నుయ్యి చూసి, తాడు వేసి లోతు కొలిచి, ఆ తరువాతే సామాను లారీకి చెబుతాం.