‘వాడని’ స్లైడింగ్ కానోపీ ఫ్రేమ్ కొంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి

రాత్రి పదకొండైంది, ఇప్పుడే షెడ్డులోంచి వచ్చాను, గోళ్ల సందుల్లో నల్ల రంగు ఇంకా పోలేదు. కోపం కాస్త తగ్గాక పొద్దున రాద్దామనుకున్నాను గానీ అది తగ్గేలా లేదు. సగంలో వదిలేసిన విమానం కిట్ల సామాను కొని అమ్ముతుంటాడు కదా, ఆయన మీదే. పేరు రాయను. సొంతంగా విమానం కట్టుకునే మనలో ఎంతోమంది ఆయన దగ్గర ఒక ఫ్యూయల్ క్యాపో, సీటు బెల్టో కొనే ఉంటారు. నేనూ ఇంతకుముందు రెండుసార్లు కొన్నాను, బాగానే ఇచ్చాడు. ఆ నమ్మకమే నా కొంప ముంచింది.

నాది పక్కపక్కన రెండు సీట్ల విమానం, స్లైడర్ కానోపీ, అంటే తల మీది పారదర్శక మూత ట్రాక్‌ల మీద జరిగే రకం. ఆ మూతని పట్టుకునే స్టీల్ ట్యూబుల చట్రమే ఫ్రేమ్. ఫ్యూజలాజ్, అంటే విమానం మొండెం, అయిపోయింది, బోల్తా పడితే తల కాపాడే రోల్ బార్ బిగించాను, రెండు పక్కలా ట్రాక్‌లు కూడా పెట్టేశాను. కిట్‌తో వచ్చిన ఫ్రేమ్ మీద నిచ్చెన పడి వంగింది, అది నా సొంత ఘనకార్యం, ఇప్పుడు వద్దు. కొత్తది రావాలంటే నెలలు పడుతుందన్నారు. సరిగ్గా అప్పుడే ఈయన ప్రకటన కనబడింది. "స్లైడింగ్ కానోపీ ఫ్రేమ్, వాడనిది, కొత్తగా పౌడర్ కోటింగ్ చేసినది, పెట్టగానే సరిపోతుంది."

పెట్టగానే సరిపోతుందట! ఆ ముక్క చదివినప్పుడే నవ్వేసి పక్కకి వెళ్లిపోవాల్సింది. స్లైడర్ ఫ్రేమ్ పెట్టగానే సరిపోయిన విమానం నేనైతే ఇంతవరకు చూడలేదు. వెల్డింగ్ వేడికి స్టీల్ ట్యూబు ఎంతో కొంత లాగేస్తుంది, ముందు ఆర్చ్ రోల్ బార్‌తో కలవదు, పక్క ట్యూబులు ఒకటి పైకి ఒకటి కిందకి ఉంటాయి, చెక్కల మధ్య ఇరికించి మీద బరువేసి వంచుకోవాల్సిందే. ఇవన్నీ తెలిసీ కొన్నాను. ఫోటోలో నిగనిగలాడుతోంది మరి. ఫోటోలు కూడా రెండే, రెండూ ఒకే వైపు నుంచి, గోడకి తగిలించి తీసినవి. ఇంకోటి పంపమని అడగడానికి మొహమాటపడ్డాను. డబ్బు మొత్తం ఒకేసారి పంపడానికి మాత్రం ఏ మొహమాటమూ అడ్డురాలేదు.

వచ్చింది. ట్రాక్‌ల మీద పెట్టాను. ఎడమ రోలర్ ట్రాక్‌లో కూర్చుంటే కుడి రోలర్ 9 మిల్లీమీటర్లు గాల్లో ఉంది. సరే, మామూలే కదా అనుకుని వంచడం మొదలుపెట్టాను. మూడు సాయంత్రాలు గడిచాయి. ఎక్కడ పట్టుకుని వంచినా మిగతా ట్యూబంతా స్ప్రింగులా వెనక్కి వచ్చేసి ఒక్క చోట మాత్రం మడత పడుతోంది, కుడి పక్క ట్యూబులో, ముందు ఆర్చ్‌తో కలిసే మూల నుంచి జానెడు వెనక. నా వంచడంలోనే తప్పుందేమోనని చెక్కలు మార్చాను, కూర్చునే చోటు మార్చాను, నన్ను నేనే తిట్టుకున్నాను. ఇవాళ నాలుగో సాయంత్రం, ఇంకాస్త బలంగా నొక్కితే అక్కడ రంగు గుడ్డు పెంకులా పగిలింది. గోటితో గీకాను. కింద లోహం రావాలి కదా, తెల్లటి పిండి రాలింది. కార్ల సొట్టలకి పూసే పుట్టీ!

అప్పుడు వెలిగింది. అసలు పౌడర్ కోటింగ్ అంటే సుమారు 200 డిగ్రీల ఓవెన్‌లో కాల్చాలి, మామూలు పుట్టీ ఆ వేడికి నిలిచే రకం కాదు. థిన్నర్‌లో ముంచిన గుడ్డతో రుద్ది చూశాను. నలుపంతా గుడ్డకి వచ్చేసింది. డబ్బాతో కొట్టిన స్ప్రే రంగు. పుట్టీ మొత్తం గీకేస్తే ట్యూబు చుట్టూ వెల్డు, ఆకురాయితో రుద్ది రుద్ది ట్యూబు మట్టానికి చదును చేసేశారు, అడుగున గుండుసూది మొన పట్టేంత రంధ్రం కూడా ఉంది. వెల్డు నున్నగా కనబడాలని రుద్దితే బలం తగ్గిపోతుంది, అలా చేయొద్దు, ఇంకో పదార్థంతో నింపొద్దు అని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ వాళ్ల మరమ్మతుల మార్గదర్శి ఏసీ 43.13-1బీలోనే ఉంది. చేయొద్దన్న రెండూ ఒకే చోట చేసి పెట్టారు. పైన పటారం, లోన లొటారం.

ఫోటోలు పంపి ఫోన్ చేశాను. నాలుగోసారికి ఎత్తాడు. ఇక్కడో సంగతి చెప్పాలి. డబ్బు చేరేవరకు ప్రతి మాటకీ "అన్నా, మీరు నిశ్చింతగా ఉండండి అన్నా" అన్న మనిషి, ఇవాళ మొదటి మాటే "చెప్పు".

"ఇది కోసి అతికించిన ఫ్రేమ్ కదండీ?" అన్నాను.

"అవును. బోల్తా పడిన విమానంలోంచి తీసింది. వంగిన ముక్క కోసేసి వేరే ముక్క వేయించాను. నీకు పని తప్పింది, సంతోషించు."

"మరి వాడనిది అని రాశారు?"

"నేనెక్కడ వాడాను?"

ఈ మాట దగ్గరే ఆగిపోయాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. తడబడలేదు, ఒక్క క్షణం ఆలోచించలేదు, ఎవరు అడిగినా చెప్పడానికి ముందే సిద్ధం చేసి పెట్టుకున్న జవాబులా వచ్చింది. వెనక ఎవరో నవ్వారు కూడా. "తిరిగి తీసుకోవడం ఉండదని ప్రకటన చివర్లో ఉంది, చదువుకోలేదా? అయినా కానోపీ ఫ్రేమే కదా, రెక్క బరువు మోసే స్పారేం కాదుగా. 9 మిల్లీమీటర్లు తేడా అంటున్నావు, ముందు నీ ఫ్యూజలాజ్ వంకర లేకుండా కట్టావో లేదో చూసుకో." రెండేళ్లుగా నేను రివెట్ రివెట్ కొట్టి కట్టుకున్న ఫ్యూజలాజ్‌ని, జీవితంలో చూడని వాడు అన్న మాట అది.

దానికి నేనేమన్నానో తెలుసా? "సరేనండీ" అని పెట్టేశాను. సరేనండీ ఏంటి! అనాల్సినవన్నీ ఇప్పుడు వరసగా గుర్తొస్తున్నాయి, గోడకి చెప్పుకుంటున్నాను.

కానోపీ ఫ్రేమే కదా అంటే ఒప్పుకోను. ఎగురుతున్నప్పుడు బబుల్, అంటే ఫ్రేమ్‌కి బిగించే ఆక్రిలిక్ గుమ్మటం, దాని పైన గాలి పీడనం తగ్గి కానోపీని పైకి లాగుతూ ఉంటుంది. ఆ లాగుడంతా వెళ్లి పడేది ఈ ఫ్రేమ్ మీద, దాన్ని పట్టుకున్న రోలర్ల మీద. అది ఊడిందంటే వెనక్కే పోతుంది, వెనక ఉండేది తోక. బబుల్ సంగతి ఇంకోటి. వేడికి ఆక్రిలిక్ స్టీల్ కంటే దాదాపు ఆరు రెట్లు సాగుతుంది. 30 డిగ్రీల తేడా వస్తే మీటరు పొడవుకి ఆక్రిలిక్ సుమారు 2 మిల్లీమీటర్లు, స్టీల్ అర మిల్లీమీటరు కూడా ఉండదు. అందుకే కదా రంధ్రాలు వదులుగా వేసి, ఎక్కడా బిగుతు లేకుండా కూర్చోబెట్టాలని అందరూ మొత్తుకునేది. మెలి తిరిగిన ఫ్రేమ్ మీదకి బబుల్‌ని లాగి బిగించి ఉంటే ఏదో చల్లని ఉదయం ఒక రివెట్ రంధ్రం దగ్గర టిక్‌మని శబ్దం వచ్చేది, అంతే. ఇంకా నయం, బబుల్‌లోంచి ముందరి విండ్‌స్క్రీన్‌ని విడదీసే పెద్ద కోత కోయలేదు. చలికి ఆక్రిలిక్ పెళుసుగా ఉంటుంది, ఎండ వచ్చిన రోజు చూద్దామని ఆగాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే, అదీ భయంతో చేసింది.

డబ్బు వస్తుందని ఆశ లేదు. ఇదే వెల్డు ఏ 500 అడుగుల ఎత్తులోనో బయటపడకుండా షెడ్డులో బయటపడింది కదా అని మా ఆవిడ అంటోంది. నిజమే గానీ ఇవాళ రాత్రికి ఆ మాట నాకు ఎక్కడం లేదు.

మీరు ఎవరి దగ్గరైనా పాత ఫ్రేమ్ కొనాల్సి వస్తే, చదునైన బల్ల మీద పెట్టి ఒక చివర నుంచి తీసిన ఫోటో అడగండి, మెలి ఉంటే కనబడిపోతుంది. చూడటానికి వెళ్తే చిన్న అయస్కాంతం పట్టుకెళ్లి ట్యూబుల వెంట జరపండి, పుట్టీ ఉన్నచోట పట్టు సడలుతుంది. ఓ మూల థిన్నర్ గుడ్డతో రుద్దనివ్వమనండి, వద్దంటే ఇంటికి వచ్చేయండి. ఏ విమానంలోది, ఎందుకు తీశారు అన్నది నోటితో కాకుండా రాసి ఇమ్మనండి. నేను ఇందులో ఒక్కటీ చేయలేదు.

పడుకునేముందు ఆయన ప్రకటనలు మళ్లీ చూశాను. ఇంకో ఫ్రేమ్ పెట్టాడు. గోడకి తగిలించి, ఒకే వైపు నుంచి రెండు ఫోటోలు. వాడనిది అనే రాశాడు.